రెండుసార్లు ఉలిక్కిపడ్డవాడు

నార్సింగి దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన శవం దొరికింది. మెడ చుట్టూ నల్లటి వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. జేబులో ఐటీ కంపెనీ ఐడీ కార్డు ఉంది. కార్డు మీది పేరు అబద్ధం. అసలు పేరు ఆంజనేయులు, ప్రభుత్వ గూఢచారి.

పేపర్లో మాత్రం రెండు లైన్లే వచ్చాయి. గుర్తు తెలియని వాహనం ఢీకొని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మృతి.

ఆ పేపరును చీఫ్ వెంకటరామయ్య టేబుల్ మీద ముందుకు తోశాడు. కొండాపూర్‌లో డిపార్ట్‌మెంట్ కిరాయికి తీసుకున్న ఫ్లాట్ అది. ఎదురుగా ఏజెంట్ ఇమ్మాన్యుయేల్ కూర్చున్నాడు. వయసు యాభై దాటింది. మెదక్ దగ్గరి పల్లె బడిలో చదువుకున్నాడు. అనవసరంగా మాట్లాడడు. ఎవరినీ తొందరగా క్షమించడు.

"టార్గెట్?" అన్నాడు.

"హాల్డెన్. ఏ దేశంవాడని అడక్కు, పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. హైటెక్ సిటీలో ఆర్కిడియన్ సిస్టమ్స్ అని ఒక కంపెనీ. అందులో క్లయింట్ ప్రతినిధిగా ఉన్నాడు. ఏడో అంతస్తు."

"ప్లాన్?"

"నగరం సబ్‌స్టేషన్లన్నీ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. ఒక్క కమాండ్‌తో అన్నీ ఆపేస్తాడు. రేపు. బంద్ రోజే."

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై వారాలు గడిచాయి. బస్సులు లేవు, బొగ్గు లేదు, బడులు లేవు. ఆ పైన రేపు బంద్.

"డీజిల్ లారీలు కదలడం లేదు," అన్నాడు వెంకటరామయ్య. "కరెంటు పోతే దవాఖానాల్లో జనరేటర్లు ఎంతసేపు నిలబడతాయో నీకు నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. ఇమ్మాన్యుయేల్ భార్య అలాంటి చీకట్లోనే పోయింది. జనరేటర్లో డీజిల్ లేదని తాపీగా చెప్పిన మనిషి ముఖం అతనికి ఇంకా గుర్తుంది. ఆ ముఖాన్ని మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

"నేరం ఉద్యమం మీద పడుతుంది," చీఫ్ కొనసాగించాడు. "ఆ తర్వాత కాల్పులు. వాడికి కావాల్సింది అదే."

"ఇప్పుడే పట్టుకుంటే అయిపాయె."

"ఏ మెషిన్ నుంచి కమాండ్ వెళ్తుందో తెలియదు. అంతస్తు నిండా మెషిన్లే. పోలీసు నీడ పడినా ముందే నొక్కేస్తారు. ఆఖరి నిమిషంలో హాల్డెన్ నోటితో చెప్తాడు. అది వినాలి, విన్న క్షణంలో ఆపాలి. వాడి పక్కన కెజియా ఉంది. మన మనిషే. వాడు మాత్రం తన మనిషనుకుంటున్నాడు. ఆమె చెవి కమ్మలో మైక్ ఉంది."

"ఆంజనేయులు ఎట్ల దొరికిండు?"

మూలన ల్యాప్‌టాప్ ముందున్న టెక్నికల్ ఆఫీసర్ కరుణ తలెత్తింది.

"పోయిన వారం ఆఫీసుల బర్త్‌డే అయింది సార్. కేక్ కోసేటప్పుడు హాల్డెన్ బెలూన్ పగలగొట్టిండు. అందరూ ఒకసారి ఉలిక్కిపడ్డరు. ఆంజనేయులు సార్ రెండుసార్లు ఉలిక్కిపడ్డడు."

"రెండుసార్లు ఎందుకు?"

"మొదటిసారి అందరి లెక్కనే బయటి చప్పుడుకు. రెండోసారి హెడ్‌ఫోన్లల్ల వచ్చిన చప్పుడుకు. కమ్మ మైక్ నుంచి ల్యాప్‌టాప్‌కు, ల్యాప్‌టాప్ నుంచి బ్లూటూత్ మీద చెవిలకు వచ్చేసరికి ఆలస్యమైతది. కంటి రెప్ప కొట్టేటంత. హాల్డెన్‌కు అది చాలు."

"వైరు హెడ్‌ఫోన్లు పెట్టుకుంట."

కరుణ గొంతు తగ్గింది. "ల్యాప్‌టాప్‌ల రిసీవర్ దాచనీకె జాగ లేక, ఇయర్‌ఫోన్ కన్నం పీకేసినం సార్."

డిపార్ట్‌మెంట్ తెలివి గురించి మాట్లాడడం ఇమ్మాన్యుయేల్ ఎప్పుడో మానేశాడు.

"అయితే ఆ ఆలస్యం తీసెయ్."

"ఇక్కడ తీస్తే లాభం లేదు సార్. ఆఫీసు వైఫైలకు పోంగనే మళ్ల వస్తది. అక్కడ కూసోనే సరిచేయాలె. నేను చాట్‌ల ఉంట."

*

బంద్ రోజుల్లో హైటెక్ సిటీ ఐటీ కారిడార్‌కు ఒక పద్ధతి ఉంది. పికెటింగ్ వాళ్లు రోడ్డెక్కకముందే, తెల్లారకముందే కంపెనీ బస్సులు ఉద్యోగులను తెచ్చి లోపల దించేస్తాయి. గేట్లు మూసేస్తారు. సాయంత్రం బంద్ ముగిసేదాకా తెరవరు. టిఫిన్ లోపలే, భోజనం లోపలే, కునుకు లోపలే. బయట ప్రపంచానికి ఆఫీసు మూత. లోపల క్లయింట్‌కు ఆఫీసు తెరిచే ఉంటుంది.

ఆంజనేయులు కుర్చీలోకి, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉండి, పని అప్పగింతలు చూసే ట్రాన్సిషన్ లీడ్‌గా వచ్చినవాడి వేషంలో ఇమ్మాన్యుయేల్ వచ్చాడు. మెడలో ట్యాగ్, జేబులో యాక్సెస్ కార్డు, చెవుల మీద నల్లటి హెడ్‌ఫోన్లు. ఆ ఫ్లోర్‌లో హెడ్‌ఫోన్లు లేని తల కనిపిస్తేనే అనుమానించాలి. మేనేజర్లందరికీ దసరాకు కంపెనీ ఇచ్చిన కానుక కూడా అదే మోడల్.

కిటికీలు నేల నుంచి కప్పు దాకా అద్దాలే. ఒక్కటీ తెరుచుకోదు. కింద గేటు ముందు జెండాలు, డప్పులు, నినాదాలు. నోళ్లు కదలడం కనిపిస్తుంది, చప్పుడు లోపలికి రాదు. గేటుకు అవతల ఉద్యమం, ఇవతల హాల్డెన్, మధ్యలో ఏసీ గాలి. ఎలుక బోనులో ఎలుకతో పాటు పిల్లిని కూడా పెట్టి తాళం వేశారు, అనుకున్నాడు ఇమ్మాన్యుయేల్.

ప్యాంట్రీలో కెజియా ఎదురైంది. గుంటూరు మనిషి. ఎర్ర చీర, ఎత్తు మడమల చెప్పులు, చెవులకు ముత్యాల కమ్మలు. ఆమె నడిచొస్తే టీ మెషిన్ దగ్గరి కుర్రాళ్లు కప్పు నిండిన సంగతి మరిచిపోయారు.

"ఉప్మాలో జీడిపప్పు తక్కువైందండీ," అంది ప్లేటు చూస్తూ.

అది కోడ్.

"బంద్ నాడు దొరికిందే తినాలె," అన్నాడు ఇమ్మాన్యుయేల్. అది జవాబు.

ఆమె నవ్వుతూనే గొంతు తగ్గించింది. "బ్రదర్, ఇవాళ నాలుగింటికి మళ్లీ కేకుంది. మళ్లీ బెలూనుంది. ఆయన బెలూన్లు తనే కొనుక్కొచ్చాడు. మీకు అర్థమవుతోందా?"

"సమజైంది."

"మీరు దొరికితే నా కమ్మ దొరికినట్టే. నార్సింగి రోడ్డు మీద చావడం నాకిష్టం లేదండీ. అసలు ఆ రోడ్డే నాకు నచ్చదు."

"ఒక పని చెయ్యమ్మా. పోయి క్యాబిన్ల పెన్నుతోని బల్ల మీద కొట్టు. నేను చూస్త."

*

హాల్డెన్ క్యాబిన్ అద్దాల గది. లోపలి చప్పుడు బయటికి రాదు. కెజియా పెన్ను బల్లను తాకడం ఇమ్మాన్యుయేల్ కంటికి కనిపించింది. హెడ్‌ఫోన్లలో 'టక్' అని ఆ తర్వాతెప్పుడో వినిపించింది. మధ్యలో 'ఆమేన్' అనేంత సందు. ఆంజనేయులు ఆ సందులోనే పడి చచ్చాడు.

స్క్రీన్ మీద చాట్ పెట్టె తెరుచుకుంది. అవతల కరుణ. పేరు మాత్రం 'అత్తమ్మ'. భార్య లేని మనిషికి అత్తమ్మతో రోజంతా ఏం మాటలని సెక్యూరిటీ వాళ్లెవరూ అడగలేదు.

"మొదట వైఫై బంద్ చేయండ్రి సార్. బ్లూటూత్, వైఫై రెండూ ఒకటే దారిల పోతయి. ఇయ్యాల బిల్డింగ్ నిండా మనుషులే గద, ట్రాఫిక్ జాం అయితది. నెట్టుకు కేబుల్ పెట్టుకోండ్రి."

కేబుల్ గుచ్చి వైఫై తీసేశాడు. తెగి తెగి వస్తున్న శబ్దం నున్నగా అయింది. ఆలస్యం తగ్గలేదు.

"సౌండ్ సెట్టింగ్స్‌ల ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటది. అన్నీ తీసేయండ్రి. శబ్దాన్ని అందంగ చేసుడుకు అది టైం తింటది."

తీసేశాడు. కెజియా పెన్నుతో కొట్టింది. 'టక్' కొంచెం దగ్గరికి వచ్చింది. కొంచెమే.

"డ్రైవర్ కొత్తది వేయండ్రి."

వేయబోయాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. కంపెనీ ల్యాప్‌టాప్ కాకపోయినా, కంపెనీ ల్యాప్‌టాప్‌లా కనిపించాలని డిపార్ట్‌మెంట్ దానికి కూడా తాళం వేసింది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు సమ్మెలో ఉన్నాడు.

"ఇగ?" అని కొట్టాడు ఇమ్మాన్యుయేల్.

జవాబు వచ్చేలోపే క్యాబిన్ తలుపు తెరుచుకుంది. హాల్డెన్ బయటికొచ్చి ఫ్లోర్ మధ్యలో నిలబడ్డాడు. సన్నటి మనిషి, తెల్లటి చొక్కా. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉండి తెలుగు నేర్చుకున్నాడు. నేర్పినవాడెవరో మర్యాదలు మాత్రం బాగా నేర్పాడు.

"అందరూ సాయంత్రం దాకా ఇక్కడే ఉండవలసి వచ్చినందుకు చింతిస్తున్నాను," అన్నాడు చిరునవ్వుతో. "నాలుగు గంటలకు పుట్టినరోజు వేడుక. దయచేసి ఎవరూ తప్పించుకోవద్దు. ఎక్కడికి పోతారులెండి."

పక్కన, ఆ అంతస్తు పని మొత్తం చూసే డెలివరీ హెడ్ విశ్వేశ్వరరావు పెద్దగా నవ్వాడు. భీమవరం వైపు మనిషి. కమాండ్ నొక్కే వేలు అతనిదేనని కెజియా ముందే చెప్పింది.

"అబ్బే, ఎక్కడికి పోతారండీ! గేటు దాటితే డప్పులు, దాటకపోతే కేకు," అన్నాడు విశ్వేశ్వరరావు. "ట్రాన్సిషన్ లీడ్ గారూ, కొత్తగా వచ్చారు, మొదటి ముక్క మీకేనండీ."

"మీ దయ సార్," అన్నాడు ఇమ్మాన్యుయేల్. ఎవరికి మొదటి ముక్క అన్నది సాయంత్రానికి తేలుతుంది.

వాళ్లు దాటిపోయారు. చాట్‌లో అక్షరాలు మెరిశాయి.

"సార్, అదే హెడ్‌ఫోన్ మీ లిస్టుల రెండుసార్లు కనబడుతుందా? ఒకటి స్టీరియో, ఒకటి హ్యాండ్స్-ఫ్రీ?"

"అవ్."

"అందరూ హ్యాండ్స్-ఫ్రీ తీసేసి స్టీరియో పెట్టుకుంటరు, పాటలు మంచిగ వినబడుతయని. స్టీరియో మూట గట్టి గట్టి పంపుతది సార్, అందుకే లేటు. హ్యాండ్స్-ఫ్రీ ఫోన్ మాటల కోసం పెట్టింది. మాటకు మాట వెంటనే పోవాలె గద? మీరు ఉల్టా చేయండ్రి. స్టీరియో బంద్. కాకపోతే శబ్దం బావిలకెళ్లి వచ్చినట్టు ఉంటది."

"నేను గీడికి పాటలు విననీకె రాలె."

మార్చాడు. ఒక్కసారి గరగర మంది. తర్వాత శబ్దం పాత రేడియోలా సన్నగా, రేకులాగా మారింది. క్యాబిన్‌లో కెజియా పెన్ను ఎత్తింది. పెన్ను బల్లను తాకింది. 'టక్'.

కన్నూ చెవీ ఒక్కటయ్యాయి.

అతను వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. తర్వాత, తీసేసిన ఆ ఆలస్యాన్ని ఎక్కడ పారేయాలా అని ఆలోచించాడు. ఆంజనేయులు దాని వల్ల చచ్చాడు. దాన్ని ఊరికే పారేయడం అతనికి ఇష్టం లేకపోయింది.

"బిడ్డా," అని కొట్టాడు. "గీ రోగం ఇంకొకనికి అంటియ్యొస్తదా?"

కరుణ రాసింది. "ఎవరికి సార్?"

*

నాలుగు గంటలకు రోజూ ఆన్‌సైట్‌తో, అంటే విదేశంలో క్లయింట్ దగ్గర కూర్చున్న కంపెనీ వాళ్లతో, స్టేటస్ కాల్ ఉంటుంది. లైను తెరవడం ట్రాన్సిషన్ లీడ్ పని. డెలివరీ హెడ్ లైన్లో ఉండడం కంపెనీ రూల్.

"విశ్వేశ్వరరావు సార్, ఆన్‌సైట్ వాళ్లు లైన్ల ఉన్నరు, మీరు జాయిన్ గావాలె," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"కేకు వేళా? సరేనండీ, చెవిలో పెట్టుకునే తింటాను," అంటూ అతను తన దసరా హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. స్టీరియోలోనే. అతనికి పాటలంటే ఇష్టం.

ఇమ్మాన్యుయేల్ మూడు కాళ్ల కాన్ఫరెన్స్ ఫోన్ తెచ్చి కేకు పక్కన పెట్టాడు. అదే లైనుకు కలిపాడు. మ్యూట్ నొక్కలేదు. మ్యూట్ నొక్కడం మరిచిపోవడం ఆ ఊళ్లో రోజుకు వంద మంది చేసే తప్పు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కేకు దగ్గర ఏ చప్పుడైనా ఫోన్లో పడి, సముద్రాల అవతలి సర్వర్ దాకా పోయి, తిరిగొచ్చి, బ్లూటూత్‌లో నింపాదిగా మూటగట్టుకుని విశ్వేశ్వరరావు చెవికి చేరుతుంది.

జనం మూగారు. కొవ్వొత్తి వెలిగింది. పాట మొదలైంది. కెజియా కేకు పక్కనే నిలబడింది. హాల్డెన్ చేతిలో ఎర్ర బెలూన్. అతను కేకు వైపు చూడడం లేదు, ముఖాల వైపు చూస్తున్నాడు. ఒక్కొక్క ముఖం. ఇమ్మాన్యుయేల్ ముఖం దగ్గర చూపు ఆగింది. అక్కడే ఆగి ఉంది.

ఢాం!

రెండు చెవుల్లో, బయటా లోపలా, చప్పుడు ఒక్కటే. ఇమ్మాన్యుయేల్ భుజాలు ఒక్కసారే ఎగిరాయి. తర్వాత రాతిబొమ్మలా నిలబడ్డాడు. రెప్ప కూడా వేయలేదు. కళ్లు మండాయి.

హాల్డెన్ చూపు కదిలింది. అందరి నవ్వులూ మొదలయ్యాక, కేకు ముక్క నోటి దగ్గర పెట్టుకున్న విశ్వేశ్వరరావు మళ్లీ ఉలిక్కిపడ్డాడు. క్రీము ముక్కుకు అంటుకుంది.

హాల్డెన్ నవ్వలేదు.

"విశ్వేశ్వరరావు గారూ, ఒకసారి లోపలికి వస్తారా?"

"ఇప్పుడే వస్తానండీ, ఈ ముక్క..."

"ఇప్పుడే."

అద్దాల గదిలో ఏం జరిగిందో, వాళ్ల వెంటే వెళ్లిన కెజియా కమ్మ వినిపించింది. విశ్వేశ్వరరావు ఒట్లు. తల్లి మీద ఒట్టు, వెంకన్న మీద ఒట్టు. మధ్యలో హాల్డెన్ గొంతు, చల్లగా. "నార్సింగి రోడ్డు మీద పోయినవాడు కూడా ఇలాగే ప్రమాణం చేశాడు." తర్వాత బయటి నుంచి తాళం తిరిగిన చప్పుడు. గదిలోనే బందీ అయ్యాడు విశ్వేశ్వరరావు.

ఆ వెంటనే చెవిలో హాల్డెన్ రేకు గొంతు. "కెజియా గారూ, ఇక మీరే నొక్కాలి. కిటికీ వరుస, చివరి యంత్రం. నా చెయ్యి జేబులో ఉంది. అది మీకు గుర్తుండాలి."

*

కిటికీ వరుస మొత్తానికి నెట్ కేబుళ్లు ఒక చిన్న హబ్ రూమ్ నుంచి వెళ్తాయి. ఇమ్మాన్యుయేల్ తన నెట్ కేబుల్ పీకి, ల్యాప్‌టాప్ తెరిచే చేతి మీద పెట్టుకుని నడిచాడు. కరుణ చాట్ ఆరిపోయింది. ఇక ఎవరూ లేరు.

హబ్ రూమ్ తలుపు తనంతట తాను మూసుకుని బిగుసుకునే రకం. మూసుకుంటే లోపలి నుంచి తెరవడానికి కూడా కార్డు కావాలి. అతని కార్డుకు ఆ హక్కు లేదు. ప్యాంట్రీ వాళ్లు సామాను పెట్టి వస్తూ తెరిచిన తలుపును పట్టుకుని, ఎడమకాలి బూటు విప్పి సందులో ఇరికించాడు. లోపల చీకటి, వేడి, పచ్చ దీపాలు. మనిషి తిరగడానికి చోటు లేదు. కిటికీ వరుసదని రాసి ఉన్న లావుపాటి నీలం కేబుల్ దొరికింది. వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

ముందే పీకితే స్క్రీన్ మీద నెట్ పోయిన గుర్తు పడుతుంది. కెజియా చస్తుంది, హాల్డెన్ ఇంకో మెషిన్ దగ్గరికి పోతాడు. ఆలస్యంగా పీకితే నగరం చస్తుంది. వేలు మీట మీద పడే క్షణమే కావాలి. కళ్లకు ఏమీ కనిపించదు. చెవే దిక్కు.

"పాస్‌వర్డ్ ఇచ్చానండీ," కెజియా గొంతు. బావిలోంచి వచ్చినట్టే ఉంది, కానీ వణకలేదు. "నొక్కేదా?"

"నొక్కండి."

టక్. ఆమె గోరు బల్ల మీద పడింది.

ఇమ్మాన్యుయేల్‌కు వెంటనే తెలిసింది. గుంటూరు చర్చి అయినా, మెదక్ చర్చి అయినా, పాటకు ముందు పెద్దవాళ్లు చప్పట్లతో తాళం ఇస్తారు. ఒకటి, రెండు ఊరికే. మూడోదానికి అందరూ ఎత్తుకోవాలి. చిన్నప్పటి నుంచి ఎవరూ తప్పరు.

టక్.

అతని చెయ్యి బిగిసింది.

మూడోది. గోరు మీట మీద పడింది. అదే దెబ్బకు కేబుల్ ఊడి చేతికొచ్చింది. పచ్చ దీపాల్లో ఒక వరుస ఆరిపోయింది.

హాల్డెన్ కప్పు వైపు చూస్తూ నిలబడి ఉంటాడు, దీపాలు ఆరడం కోసం. హబ్ రూమ్ తలుపు సందులోంచి ఇమ్మాన్యుయేల్ కూడా కప్పు వైపే చూశాడు. ఆమేన్ అనేంత సందు గడిచింది. ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఏసీ వీస్తూనే ఉంది. ఎక్కడో నగరంలో వెంటిలేటర్ల మీద మనుషులు ఊపిరి పీలుస్తూనే ఉన్నారు.

"ఏమైంది?" హాల్డెన్ గొంతులో మొదటిసారి మర్యాద తప్పింది. "ఏం చేశావు?"

సమాధానంగా కెజియా మడమ అతని పాదం మీద దిగింది. ఎత్తు మడమ, సన్న మొన. హాల్డెన్ కేకకు ఫ్లోరంతా తిరిగింది. జేబులోంచి చెయ్యి వచ్చింది, తుపాకీతో. వెనక నుంచి ఒంటి బూటుతో వచ్చిన మనిషి, రెండో కొన కూడా పీకి తెచ్చిన నీలం కేబుల్‌ను ఆ మణికట్టు చుట్టూ రెండు చుట్లు తిప్పి లాగాడు. తుపాకీ కార్పెట్ మీద పడింది. కెజియా దాన్ని చీర కొంగుతో తీసుకుంది.

హాల్డెన్ మోకాళ్ల మీద కూలబడి, ఇమ్మాన్యుయేల్ మెడలోని హెడ్‌ఫోన్లు చూశాడు.

"నువ్వు ఒక్కసారే ఉలిక్కిపడ్డావు."

"రెండోది మీవోనికిచ్చిన," అన్నాడు ఇమ్మాన్యుయేల్. "అది ఆంజనేయులుది."

హాల్డెన్ తలుపుల వైపు, అద్దాల వైపు, కింద మూసిన గేటు వైపు చూశాడు.

"చూసుడెందుకు?" అన్నాడు ఇమ్మాన్యుయేల్, ముడి బిగిస్తూ. "ఇయ్యాల బంద్. ఎవ్వలం బయటికి పోలేం."

వెంకటరామయ్య అంబులెన్స్‌లో వచ్చాడు. అంబులెన్స్ అనగానే పికెటింగ్ వాళ్లే డప్పులు ఆపి, జనాన్ని జరిపి, గేటు దాకా దారి చేశారు. స్ట్రెచర్ మీద నిండుగా దుప్పటి కప్పి ఒకరిని, అద్దాల గది తాళం తీసి ఇంకొకరిని తీసుకుపోయారు. తుపాకీ చూసినవాళ్లు కూడా, పాపం, పని ఒత్తిడి అనుకున్నారు ఫ్లోర్‌లో. కేకు ముక్క మిగిలితే కెజియా ఇమ్మాన్యుయేల్‌కు పంపింది. అతను తినలేదు. బూటు వెతుక్కున్నాడు.

బంద్ ముగిసి గేట్లు తెరుచుకునే వేళకు అందరి ఇన్‌బాక్సుల్లో హెచ్ఆర్ మెయిల్ వచ్చింది. గుర్తు తెలియని సిబ్బంది నిర్లక్ష్యం వల్ల కిటికీ వరుసకు నెట్‌వర్క్ ఆగి పని నష్టమైనందున, ఏడో అంతస్తు వారందరూ శనివారం తప్పక ఆఫీసుకు రావలెను.